ఇంటి దీపానికి ఒక హ్యాండోవర్ నోటు

బదిలీ ఉత్తర్వు చేతికి రాగానే మనం ఏం చేస్తామో ఈ పత్రిక చదివే ఇళ్లన్నిటికీ తెలుసు. చార్జి అప్పగిస్తాం. తాళంచెవుల లెక్క, క్యాష్ లెక్క, పెండింగ్ ఫైళ్ల జాబితా, ఏ ఖాతాదారు పని ఎక్కడ ఆగిందో ఒక నోటు. కొత్తగా వచ్చినవారు అన్నీ చూసుకుని సంతకం పెట్టాక గానీ మనం రిలీవ్ అవ్వం. పోయిన ఏడాది విజయవాడ నుంచి రాయ్‌పూర్‌కు బదిలీ అయినప్పుడు నేనూ అంత పద్ధతిగానే బ్రాంచి అప్పగించాను. అప్పగించనిది ఒక్క మా ఇల్లే.

ఇల్లంటే ఇంట్లో నేను ఏర్పాటు చేసిన ఆటోమేషన్. దాన్ని నడిపే ఫైలును దిద్దే సాధనం గురించి ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా ఒక నోటు రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. ముప్పై పేజీల సర్క్యులర్లు చదివి ఒక పేజీ సారాంశం రాయడం నాకు కొత్త కాదు. అయినా ఈ నోటు నాకు చాలా నేర్పింది. మీ ఇళ్లలో కూడా ఎవరో ఒకరికి మాత్రమే తెలిసిన ఏర్పాటు ఏదో ఉండే ఉంటుంది కనుక ఆ పాఠం మీతో పంచుకుంటున్నాను.

నేను పెట్టిన ఏర్పాటు

మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. రాత్రిపూట రెండుమూడుసార్లు లేస్తుంది. ఆమె గదికీ బాత్‌రూముకీ మధ్య సన్నని నడవ. చీకట్లో స్విచ్చి కోసం గోడ తడుముకోకూడదని అక్కడ ఒక స్మార్ట్ బల్బు పెట్టాను. రాత్రి పదిన్నరకు సన్నగా వెలుగుతుంది, తెల్లవారుజామున ఐదున్నరకు ఆరిపోతుంది. మోటారు నడిచే వేళ, ట్యాంకు నిండితే ఫోనుకు వచ్చే కబురు, గీజర్ అరగంట దాటితే దానంతటదే ఆగిపోవడం, ఇవన్నీ తర్వాత ఒక్కొక్కటిగా చేర్చినవి.

ఈ పనులన్నిటినీ నడిపేది హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్. 2013లో పౌలస్ షౌట్సెన్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇది. డబ్బు కట్టక్కర్లేదు. పైథాన్ భాషలో రాశారు. 2024 నుంచి ఓపెన్ హోమ్ ఫౌండేషన్ అనే సంస్థ ఆధ్వర్యంలో ఉంది. మా ఇంట్లో ఇది రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ మీద నడుస్తోంది. టీవీ స్టాండు వెనక దాని ప్లగ్గు ఉంటుంది.

స్మార్ట్ బల్బుకు ఒక షరతు ఉంది. గోడ మీది స్విచ్చి ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి. స్విచ్చి ఆపితే బల్బుకు కరెంటే అందదు, కరెంటు లేని బల్బు ఎవరి మాటా వినదు. అందుకని ఆ స్విచ్చి మీద తెల్ల టేపు అంటించి, "దీన్ని ముట్టుకోకండి" అని ఇంట్లో అందరికీ చెప్పాను. అమ్మకైతే రెండుసార్లు చెప్పాను.

ఏం జరిగింది

రాయ్‌పూర్ బయల్దేరే రోజు సాయంత్రం సూట్‌కేసు సర్దుకుంటూ ఫోనులోనే ఆటోమేషన్ ఫైలు తెరిచాను. ట్యాంకు కబురు నాకు మాత్రమే కాక మా ఆవిడ ఫోనుకు కూడా వెళ్లేలా ఒక వరుస చేర్చాను. సేవ్ చేశాను. ఆటో వచ్చిందంటే బయల్దేరిపోయాను. ఆ వరుస మొదట్లో ఒక ఖాళీ తక్కువ పడిందని చూసుకోలేదు.

పదకొండు రోజులు ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో తర్వాత అర్థమైంది. హోమ్ అసిస్టెంట్ ఫైలును మొదలైనప్పుడు ఒకసారి చదువుకుంటుంది. మనం రీలోడ్ చెయ్యమని చెప్పేవరకో, మళ్లీ స్టార్ట్ అయ్యేవరకో ఆ చదువుకున్నదాని ప్రకారమే నడుస్తుంది. అంటే ఫైలులో తప్పు పడినా పాత జ్ఞాపకంతో పని జరిగిపోతూనే ఉంటుంది. తప్పు నిద్రపోతూ ఉంటుందన్నమాట.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఇస్త్రీ పెట్టె కోసం మా ఆవిడ టీవీ వెనక ఒక ప్లగ్గు తీసి, పని కాగానే మళ్లీ పెట్టింది. ఆమె తప్పేమీ లేదు. ప్లగ్గు తీసి పెడితే ఆగిపోయే ఏర్పాటు ఏర్పాటే కాదు. కానీ ఆ చిన్న కంప్యూటర్ మళ్లీ మొదలై ఫైలు చదవబోయింది, తప్పున్న వరుస దగ్గర ఆగిపోయింది. అలాంటప్పుడు అది రికవరీ మోడ్ అనే స్థితిలోకి వెళుతుంది. తెర తెరుచుకుంటుంది, ఫైలు దిద్దుకోవడానికి వీలుంటుంది, కానీ ఆటోమేషన్లు ఏవీ నడవవు.

ఆ రాత్రి పదిన్నరకు దీపం వెలగలేదు. ఒంటిగంట ప్రాంతంలో అమ్మ లేచింది. చెప్పుల స్టాండు కాలికి తగిలి పడింది. మణికట్టు ఎముక చిట్లి నాలుగు వారాలు కట్టు వేశారు.

మర్నాడు ఫోనులో అమ్మతో మాట్లాడాను. "స్విచ్చి అక్కడే ఉంది కదమ్మా, చేత్తో వేసుకోవాల్సింది" అన్నాను. ఆ బల్బు స్విచ్చి ఒకసారి ఆపి వేస్తే ఎవరి ఆజ్ఞా లేకుండానే వెలుగుతుంది.

"ముట్టుకోవద్దన్నావుగా నాన్నా" అంది.

నాకు నోట మాట రాలేదు. డెబ్బై ఏళ్లుగా చీకటి పడితే స్విచ్చి వేసుకోవడం తెలిసిన మనిషికి ఆ అలవాటు మాన్పించింది నేనే. దానికి బదులుగా నేనిచ్చింది నా ఒక్కడికే అర్థమయ్యే ఫైలు.

ఫోనులో సాగిన రిపేరు

ఆ సాయంత్రం చీకటి పడకముందే దాన్ని బాగుచేయాలని మా ఆవిడకు ఫోను చేశాను. ఇంటి కంప్యూటర్‌ను బయటి ఇంటర్నెట్‌కు తెరవకూడదని నేనే నిర్ణయించుకున్నాను కనుక రాయ్‌పూర్ నుంచి నేను చేయగలిగింది ఏమీ లేదు.

"ఎడమవైపు ఫైల్ ఎడిటర్ అని ఉంటుంది, నొక్కు."

"నొక్కాను. అన్నీ చుక్కలూ గీతలూ ఉన్నాయండీ."

"పైన ఫోల్డర్ బొమ్మ నొక్కి ఆటోమేషన్స్ డాట్ యామల్ తెరువు."

"తెరిచాను. మూడువందల పైన వరుసలున్నాయి."

"ఎక్కడో ఒక ఖాళీ తక్కువుంది, చూడు."

కాసేపు మాట లేదు. "ఏమండీ, లేనిదాన్ని ఎలా చూడమంటారు?" అంది.

మా ఆవిడ బడిలో లెక్కల టీచరు. ఆమెకు అర్థం కాలేదంటే లోపం ఆమెది కాదు, చెప్పినవాడిది. నలభై నిమిషాలు అవస్థపడి వదిలేశాం. ఆ రాత్రీ, తర్వాతి రెండు రాత్రులూ హాల్లో ట్యూబ్‌లైటు వేసే ఉంచారు. శనివారం నేను వచ్చి ఒక ఖాళీ పెట్టి సేవ్ చేయడానికి ఒక్క నిమిషం పట్టింది. ఆ ఒక్క నిమిషం పని ఇంట్లోవాళ్ల చేతికి ఎలా అందించాలన్నదే అప్పటినుంచి నా పని అయ్యింది.

ఆ ఫైలుకు ఖాళీలంటే ఎందుకంత పట్టింపు

నోటు రాయాలంటే ముందు నాకే ఆ ఫైలు స్వభావం శుభ్రంగా తెలియాలి. ఇది యామల్ అనే పద్ధతిలో ఉంటుంది. 2001లో మొదలైన పద్ధతి ఇది. మనిషి చదవడానికి తేలికగా ఉండాలన్నది దాని ఉద్దేశం. బ్రాకెట్లు గుప్పించకుండా, ఏది దేని కిందికి వస్తుందో వరుస మొదట్లో వదిలిన ఖాళీలతోనే చెబుతుంది. మన లెడ్జరులో ప్రధాన పద్దు ఎడమ అంచున, ఉపపద్దు కాస్త లోపలికి జరిపి రాసినట్టే. అసలు ఫైలులో మాటలు ఇంగ్లీషులో ఉంటాయి, రూపం తెలియడానికి తెలుగులో రాస్తున్నాను:

- పేరు: "రాత్రి నడవ దీపం"
&nbsp;&nbsp;ఎప్పుడు:
&nbsp;&nbsp;&nbsp;&nbsp;- రకం: సమయం
&nbsp;&nbsp;&nbsp;&nbsp;&nbsp;&nbsp;వేళ: "22:30:00"
&nbsp;&nbsp;ఏం చేయాలి:
&nbsp;&nbsp;&nbsp;&nbsp;- పని: వెలిగించు
&nbsp;&nbsp;&nbsp;&nbsp;&nbsp;&nbsp;ఏది: నడవ దీపం

"వేళ" అన్న మాట "రకం" అన్న మాటకు సరిగ్గా కింద ఉంది కనుక రెండూ ఒకే పద్దులోవి. "వేళ" ఒక్క ఖాళీ ఎడమకు జరిగితే అది ఎవరి పద్దులోదో తేలదు, చదివే సాఫ్ట్‌వేర్ అక్కడే ఆగిపోతుంది. ఒక ఫైలులో ఎక్కడ ఆగినా మొత్తం ఫైలు చెల్లదు. ట్యాంకు కబురులో పడిన తప్పుకు నడవలో దీపం ఆరిపోయింది అందుకే. ఈ ఖాళీలను కీబోర్డులోని ట్యాబ్ మీటతో పెట్టకూడదు, స్పేస్ మీటతోనే పెట్టాలి. యామల్‌లో ట్యాబ్ చెల్లదు.

ఎడిటర్ ఏం చూపిస్తుంది, ఏం చూపించదు

హోమ్ అసిస్టెంట్‌కు అదనంగా జోడించుకునే ఫైల్ ఎడిటర్ చిన్న సాధనం. బ్రౌజర్‌లోనే ఫైలు తెరిచి, దిద్ది, సేవ్ చేసుకోవచ్చు. ఖాళీలను చిన్న చుక్కలుగా చూపిస్తుంది. మా ఆవిడ ఫోనులో చెప్పిన చుక్కలు అవే. ఆ రాత్రి నాకు ఈ సంగతి తట్టి ఉంటే, "పై వరుసలో చుక్కలెన్ని, కింది వరుసలో చుక్కలెన్ని" అని అడిగి ఉండేవాణ్ని. లేని ఖాళీని చూడలేం గానీ, ఉన్న చుక్కల్ని ఎవరైనా లెక్కపెట్టగలరు.

యామల్ వ్యాకరణం సరిగా ఉంటే పైన కుడివైపు పచ్చ టిక్కు కనిపిస్తుంది. తప్పుంటే అక్కడే ఎర్రటి ఆశ్చర్యార్థకం వస్తుంది. నేను ఆటో హడావిడిలో చూడనిది ఆ ఎరుపునే. ఎడిటర్ తప్పును చూపిస్తుంది, కానీ మనల్ని సేవ్ చేయకుండా ఆపదు.

ఇంకో సంగతి, పచ్చ టిక్కు వచ్చినంత మాత్రాన అంతా సరి అనుకోకూడదు. చెక్కు మీద తేదీ సరిగా ఉండి, అంకెలూ అక్షరాలూ కలిసి, సంతకం సరిపోయినా, ఖాతాలో డబ్బు లేకపోతే చెల్లుతుందా? అలాగే పచ్చ టిక్కు చెప్పేది రాత పద్ధతి బాగుందని మాత్రమే. నడవ దీపం పేరు తప్పుగా రాసినా ఎడిటర్ పచ్చగానే ఉంటుంది. అందుకే మూడు తనిఖీలు కావాలి. మొదటిది ఎడిటర్‌లో పచ్చ టిక్కు. రెండోది డెవలపర్ టూల్స్‌లో యామల్ పేజీలోని చెక్ కాన్ఫిగరేషన్ బటన్. మూడోది రీలోడ్ చేసి, ఆ ఆటోమేషన్‌ను చేత్తో ఒకసారి నడిపించి, లేచి వెళ్లి నడవలో దీపం చూడటం. మన మేకర్, చెకర్ పద్ధతి లాంటిదే. రాసినవాడి కళ్లొక్కటే చాలవు.

మొదటి నోటు: పద్నాలుగు పేజీలు

రాయ్‌పూర్‌లో క్వార్టర్స్‌లో సాయంత్రాలు ఖాళీయే. పద్నాలుగు పేజీల నోటు రాశాను. హోమ్ అసిస్టెంట్ చరిత్ర, యామల్ నియమాలు, ఎడిటర్‌లోని ప్రతి బటన్, నా ఆటోమేషన్లన్నీ వరుసగా. ప్రింటు తీసి కొరియర్‌లో పంపాను. వారం తర్వాత అడిగితే, "చదివానండీ, బాగుంది" అంది మా ఆవిడ. "దీపం వెలగకపోతే ఏం చేస్తావు?" అన్నాను. "మీకు ఫోను చేస్తాను" అంది.

నోటులో జవాబు లేక కాదు. తొమ్మిదో పేజీ మధ్యలో ఉంది.

సాఫ్ట్‌వేర్‌కు పుస్తకాలు రాసేవాళ్లు డైయాటాక్సిస్ అనే విభజన పాటిస్తారని అప్పుడు తెలిసింది. డేనియేల్ ప్రోచిడా అనే ఆయన వివరించిన పద్ధతి. రాతలు నాలుగు రకాలు. కొత్తవాళ్లకు చేయిపట్టి నేర్పే పాఠం ఒకటి. ఒక పని ఎలా చేయాలో మెట్లుమెట్లుగా చెప్పేది రెండోది. కావలసినప్పుడు తిరగేసి చూసుకునే జాబితా మూడోది. ఎందుకిలా ఉందో చెప్పే వివరణ నాలుగోది. చదివేవాళ్ల అవసరం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది కనుక వీటిని కలపకూడదంటారు. నేను నాలుగూ కలిపి కలగూరగంప చేశాను. అమ్మ చీకట్లో నిలబడి ఉన్నప్పుడు మా ఆవిడకు యామల్ చరిత్ర ఎందుకు? ఆమెకు కావలసింది రెండో రకం ఒక్కటే.

నోరు మూసుకుని కూర్చోవడం

దసరా సెలవులకు వచ్చినప్పుడు రెండు పేజీల కొత్త నోటు తెచ్చాను. ఈసారి శీర్షికలన్నీ ప్రశ్నలే: "దీపం వెలగకపోతే?", "తెర మీద రికవరీ మోడ్ అని ఉంటే?", "దీపం వేళ మార్చాలంటే?" ఇంకా, బ్రాంచిలో ఫైర్ డ్రిల్ చేసినట్టు ఇంట్లోనూ ఒక డ్రిల్ పెట్టాను. ఫైలుకు నకలు తీసి పెట్టుకుని, కావాలని ఒక వరుసలో ఒక ఖాళీ తీసేసి రీస్టార్ట్ చేయబోయాను. మెనూలోంచి రీస్టార్ట్ అడిగితే అది ముందుగా ఫైలు చూసుకుని, తప్పుంది, చేయనంది. చివరికి ప్లగ్గు తీసి పెట్టాల్సి వచ్చింది. నోటు మా ఆవిడకూ తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికీ ఇచ్చి, నేను పక్కనే కుర్చీలో కూర్చున్నాను. మాట్లాడకూడదని నాకు నేనే పెట్టుకున్న నియమం. జీవితంలో అంత కష్టమైన అరగంట ఇంకోటి లేదు.

వాళ్లు మూడు చోట్ల ఆగారు. మూడూ నేను ఊహించనివే.

మొదటిది: "ఎర్ర ఫ్లాపీ బొమ్మ నొక్కండి" అని రాశాను. "ఫ్లాపీ అంటే ఏంటి నాన్నా?" అంది మా అమ్మాయి. నేను జవాబు చెప్పకూడదు కదా! ఆ పిల్ల పుట్టేనాటికి ఫ్లాపీలు దాదాపు కనుమరుగయ్యాయి. నోటులో ఆ మాట కొట్టేసి, పైన కుడివైపున ఎర్రగా ఉండే చతురస్రం అని రాసి పక్కన బొమ్మ అతికించాం.

రెండోది: దీపం వేళను పదీపావుకు మార్చమన్నాను. మా ఆవిడ పాత వేళ చెరిపి, కొటేషన్ గుర్తులు లేకుండా 22:15:00 అని కొట్టింది. పచ్చ టిక్కు వచ్చింది. కానీ ఆ ఆటోమేషన్ పనిచేయలేదు. కారణం తెలిస్తే లెక్కల టీచరుకే సరదా వేసింది. యామల్ పాత వెర్షన్ నియమం ప్రకారం కోలన్లతో విడదీసిన అంకెలను అరవై మూలంగా ఉన్న సంఖ్యగా చదువుతుంది. 22 గంటలను 3600తో, 15 నిమిషాలను 60తో గుణించి కలిపితే 80100. సాఫ్ట్‌వేర్‌కు వేళ బదులు ఎనభై వేల వంద అన్న సంఖ్య అందింది. "మరి పొద్దున్నది కొటేషన్లు లేకుండానే నడుస్తోందేం?" అని అడిగింది. నిజమే, 05:30:00 అన్నచోట నేనే కొటేషన్లు పెట్టలేదు. సున్నాతో మొదలైనదాన్ని అది అలాంటి సంఖ్యగా తీసుకోదు, మాటగానే ఉంచుతుంది. 2009లో వచ్చిన యామల్ 1.2లో ఈ అరవై లెక్క తీసేశారు, కానీ ఇక్కడ వాడే పైథాన్ లైబ్రరీ పాత నియమాన్నే పాటిస్తుంది. రెండేళ్లుగా నా ఫైలులో ఉన్న ఈ అతుకు నాకు కనపడలేదు. నోటులో ఒక్క వాక్యం చేరింది: ప్రతి వేళకూ కొటేషన్ గుర్తులు పెట్టండి.

మూడోది: మా అమ్మాయి ఫోనులో కొటేషన్లు పెట్టింది, అయినా పనిచేయలేదు. కొన్ని ఫోను కీబోర్డులు అందం కోసం వంకర కొటేషన్లు పెడతాయి. యామల్‌కు నిటారు గుర్తులే తెలుసు, వంకరవి దానికి మామూలు అక్షరాలు. ఫైలును ఫోనులో కాక ల్యాప్‌టాప్‌లోనే దిద్దాలన్న నియమం అలా వచ్చింది. తప్పు మొదలైందే నేను ఫోనులో దిద్దడం వల్ల కనుక ఆ నియమం ముందు నాకే వర్తిస్తుంది.

రాయడం వల్ల తగ్గిన పని

దీపం వేళ మార్చడానికి నా నోటులో పదకొండు మెట్లున్నాయి. మా అమ్మాయి వేలు పెట్టి లెక్కించి, "నాన్నా, అలారం మార్చడానికి ఇన్ని మెట్లుంటే ఎవరైనా అలారం పెట్టుకుంటారా?" అంది. ఆ మాట గుచ్చుకుంది. హోమ్ అసిస్టెంట్‌లో వేళను ఫైలులో కాక తెర మీద ఒక గడిలో పెట్టే వీలుంది. వాళ్లు దాన్ని హెల్పర్ అంటారు. ఆటోమేషన్ ఆ గడిలోని వేళను చూసుకుంటుంది. ఆ పని చేయడానికి నాకు పావుగంట పట్టింది. నోటులోని పదకొండు మెట్లు పోయి, "తెర మీద గడియారం నొక్కి వేళ మార్చండి" అన్న ఒక్క వాక్యం మిగిలింది.

ఏ పనికైనా సూచనలు మరీ పొడుగైతే, రాతను కుదించే ముందు అసలు ఆ పనిని కుదించవచ్చేమో చూడాలి. నేను నోటు రాయకపోతే, దాన్ని ఇంకొకరు చదవకపోతే, ఆ పదకొండు మెట్లు నాకు ఎప్పటికీ కనిపించేవి కావు. అలవాటున్న చేతికి మెట్లు తెలియవు.

ఇప్పుడు నోటులో ఉన్నది

ఫ్రిజ్ తలుపు మీద అంటించిన ఆ నోటు సారాంశం ఇది. మీ ఇంట్లో ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నా ఈ వరుస పనికొస్తుంది.

1. అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో: దీపం వెలగకపోతే గోడ మీది స్విచ్చి ఒకసారి ఆపి వేయండి. దేన్నీ ముట్టుకోవద్దని ఇక్కడ రాసి లేదు.

2. నోటు రాసిన తేదీ, సాఫ్ట్‌వేర్ వెర్షన్. అప్‌డేట్ తర్వాత బటన్ల చోటూ పేర్లూ మారుతుంటాయి. నోటు పాతదైతే చదివేవాళ్లకు ఆ సంగతి తెలియాలి.

3. దిద్దే ముందు బ్యాకప్. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో బ్యాకప్స్. పాత వరుసను చెరపకుండా దాని ముందు # గుర్తు పెట్టి, కింద కొత్తది రాయండి. ఆ గుర్తున్న వరుసను సాఫ్ట్‌వేర్ వదిలేస్తుంది, మనకు పాతది కళ్లముందే ఉంటుంది.

4. ఒకసారికి ఒక్క మార్పు. మార్చగానే మూడు తనిఖీలు. ప్రయాణం రోజున ఏ మార్పూ వద్దు.

5. ఎర్ర గుర్తు వస్తే: అది చూపించే వరుసలోనూ దాని పై వరుసలోనూ మొదటి చుక్కలు లెక్కపెట్టండి. తప్పు తరచుగా చూపించిన చోటికి ఒక వరుస పైన ఉంటుంది.

6. ముట్టుకోకూడనిది ఒక్కటే, డాట్ స్టోరేజ్ అనే ఫోల్డర్. తెర మీద చేసిన అమరికలను సాఫ్ట్‌వేర్ అందులో దాచుకుంటుంది. ఫైల్ ఎడిటర్ కూడా దాన్ని మామూలుగా చూపించదు.

7. పాస్‌వర్డులు నోటులో రాయలేదు. అవి సీక్రెట్స్ డాట్ యామల్ అనే వేరే ఫైలులో ఉంటాయి, మిగతా ఫైళ్లలో వాటి పేరు మాత్రమే ఉంటుంది. అందువల్ల ఎవరినైనా సహాయం అడుగుతూ ఫైలు ఫోటో పంపినా పాస్‌వర్డు బయటపడదు. ఆ ఒక్క ఫైలు ఫోటో మాత్రం ఎవరికీ పంపకూడదు. స్ట్రాంగ్ రూమ్ డూప్లికేట్ తాళాలు వేరే చోట భద్రపరిచినట్టు, ముఖ్యమైన పాస్‌వర్డు సీలు వేసిన కవరులో పెట్టి మా ఆవిడ బీరువాలో ఉంచాం.

మొదటి వాక్యం అమ్మ రాయించింది. అక్షరాలు సరిపోలేదని ఇంకా పెద్దగా రాయించింది కూడా. స్విచ్చి మీది టేపు నేనే గోటితో గీకి తీశాను. ఎలక్ట్రీషియన్ చేత ఆ స్విచ్చి వెనక ఒక చిన్న రిలే పెట్టించి, బల్బు మామూలుది వేశాం. ఇప్పుడు చేత్తో వేసినా వెలుగుతుంది, వేళకు దానంతటదీ వెలుగుతుంది. కంప్యూటర్ మొత్తం పాడైపోయినా స్విచ్చి పనిచేస్తుంది. మొదట్లోనే చేయాల్సిన పని అది.

చివరిగా

సంక్రాంతికి ఇంటికి వచ్చేసరికి నోటులో నావి కాని చేతిరాతలు రెండు కనిపించాయి. అప్‌డేట్ తర్వాత ఒక బటన్ చోటు మారిందని మా ఆవిడ ఎర్ర ఇంకుతో దిద్ది, పక్కన తేదీ వేసి పొట్టి సంతకం పెట్టింది. చుక్కలు ఎలా లెక్కపెట్టాలో మా అమ్మాయి పెన్సిలుతో బొమ్మ గీసింది. నవంబరులో ఒకసారి ప్లగ్గు వదులై అంతా ఆగిపోయిందనీ, వాళ్లే చూసుకున్నారనీ అప్పుడు తెలిసింది. నాకు ఫోను చేయలేదేమని అడిగితే, "మీరు ఆడిట్‌లో ఉన్నారుగా, ఎందుకని" అంది మా ఆవిడ.

బదిలీలు మన ఉద్యోగంలో తప్పవు. మీ ఇంట్లో ఆటోమేషన్ లేకపోవచ్చు. కానీ మోటారు వాల్వు ఎటు తిప్పాలో, ఇన్వర్టర్ ట్రిప్ అయితే ఏ మీట నొక్కాలో, బీమా పాలసీ కాగితాలు ఎక్కడున్నాయో, ఏ ఖాతాకు నామినీ ఎవరో ఒక్కరికే తెలిసిన ఇళ్లు చాలానే ఉంటాయి. ఈ ఆదివారం వాటిలో ఒకదాన్ని ఎంచుకోండి. ఒక పేజీ మించకుండా రాసి ఇంట్లో ఇంకొకరి చేతికివ్వండి. వాళ్లు ఆ పని చేస్తుంటే పక్కన కూర్చోండి. ఎంత నోరు పీకినా మాట్లాడకండి. వాళ్లు ఎక్కడ ఆగుతారో అక్కడ నోటు దిద్దండి. వాళ్లు ఆగకుండా పని ముగించిన రోజున చార్జి అప్పగించినట్టే.